జెడ్‌టీ సంగతి సరే, పొడి ఎలా నూరారో చెప్పండి

థర్మోఎలక్ట్రిక్ పేపర్ ఏది తెరిచినా జెడ్‌టీ (వేడిని కరెంటుగా మార్చడంలో ఆ పదార్థం ఎంత మంచిదో చెప్పే అంకె) ఎంతొచ్చిందో మొదటి పేజీలోనే ఉంటుంది, పదార్థం ఫార్ములా దశాంశాలతో సహా ఉంటుంది, తయారీ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'బాల్ మిల్లింగ్ చేసి సింటర్ చేశాం', అంటే బంతులు వేసిన డబ్బాలో తిప్పి నూరి, ఆ పొడిని వేడితో గట్టి బిళ్ల చేశాం, అని రెండు లైన్లు. ఆ రెండు లైన్లను నమ్ముకుని నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తా. ఒక వైపు వేడిగా, ఇంకో వైపు చల్లగా ఉంటే కరెంటు పుట్టించే పదార్థాలివి. వీటిలో కరెంటు బాగా పారాలి, వేడి మాత్రం పారకూడదు. నానో రేణువులుగా నూరి మళ్లీ బిళ్లగా నొక్కితే, రేణువుల సరిహద్దుల దగ్గర వేడిని మోసే కంపనాలు చెదిరిపోతాయి, కరెంటు అంతగా దెబ్బతినదు. 2008లో బోస్టన్ కాలేజ్, ఎంఐటీ వాళ్లు దశాబ్దాలుగా అందరూ వాడుతున్న బిస్మత్ యాంటిమొనీ టెల్యురైడ్‌నే బాల్ మిల్లులో వేసి, హాట్ ప్రెస్ చేసి, 1 దగ్గర ఆగిపోయిన జెడ్‌టీని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.4 చేశారు. కొత్త మూలకమేదీ కలపలేదు, నూరి నొక్కారంతే.

ఆ 'అంతే' చూసే నేనూ దిగాను. ఏ డోపింగూ (కావాలని చిటికెడు వేరే మూలకం కలపడం) లేని బిస్మత్ టెల్యురైడ్‌ను క్వార్ట్జ్ గొట్టంలో కరిగించి తీసిన కడ్డీకి సీబెక్ (ఒక డిగ్రీ తేడాకు ఎంత వోల్టేజి పుడుతుందో చెప్పే అంకె) ప్లస్ వచ్చింది, అంటే పి-టైప్, కరెంటును మోసేది ఎలక్ట్రాన్లు కాదు, అవి లేని ఖాళీలు. అదే కడ్డీని రాత్రంతా మిల్లులో తిప్పి, గ్రాఫైట్ డైలో పోసి, స్పార్క్ ప్లాస్మాలో (కరెంటు పంపి వేడి చేస్తూ నొక్కే యంత్రం) నొక్కి కొలిస్తే మైనస్, అంటే ఇప్పుడు మోసేది ఎలక్ట్రాన్లు! మా సార్ గ్రాఫ్ చూసి "వైర్లు తిప్పి పెట్టావా ఏంటి?" అన్నారు. లేదు సార్ అని ఆయన ముందే ఇంకో రెండుసార్లు కొలిచాను, మళ్లీ మైనస్సే. తర్వాత పాత పేపర్లు తవ్వితే తెలిసింది, నూరేటప్పుడు స్ఫటికం నలిగి లోపాలు పుడతాయి, వాటి నుంచి అదనపు ఎలక్ట్రాన్లు వచ్చిపడతాయి, దీనికి డోనర్-లైక్ ఎఫెక్ట్ అని పేరు కూడా ఉంది. అంటే డోపింగ్ ఎంత జాగ్రత్తగా లెక్కేసుకున్నా, మిల్లు ఎన్ని గంటలు తిరిగిందన్నది ఆ లెక్కను మార్చేస్తుంది. దీనికి తోడు స్టీల్ బంతుల నుంచి ఇనుము, మూత తీసినప్పుడు ఆక్సిజన్, వేడికి ఎగిరిపోయే టెల్యూరియం.

టిన్ సెలినైడ్ కథ ఇంకా ఘోరం. 2014లో నార్త్‌వెస్టర్న్ వాళ్లు సింగిల్ క్రిస్టల్‌లో (సరిహద్దులే లేని ఒకే స్ఫటికం) 923 కెల్విన్ దగ్గర 2.6 చూపించారు. పొడి చేసి నొక్కిన బిళ్లల్లో అందులో సగం రావడమూ చాలామందికి కష్టమైంది. పైగా సరిహద్దులు ఎక్కువైతే వేడి తక్కువ పారాలి కదా, ఇక్కడ క్రిస్టల్ కంటే ఎక్కువ పారేది! చివరికి దొంగ దొరికింది, రేణువుల మీద సన్నటి టిన్ ఆక్సైడ్ పొర. తడి గరిటె పెడితే ఆవకాయ జాడీ మొత్తానికి బూజు పట్టినట్టు. టిన్‌ను ముందే శుద్ధి చేసి, పొడిని హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్‌లో వేడి చేసి ఆ పొర వదిలిస్తే, 2021లో పొడి బిళ్లకే 783 కెల్విన్ దగ్గర దాదాపు 3.1 వచ్చింది. ఏడేళ్లు 'పాలీక్రిస్టల్ (ఇలా చాలా రేణువులు కలిసిన బిళ్ల) పనికిరాదు' అన్నవాళ్లంతా కొలిచింది తుప్పునన్నమాట.

నాకు అసలు ఒళ్లు మండేది మాత్రం దిశల దగ్గర. బిస్మత్ టెల్యురైడ్ అభ్రకంలా రేకులు రేకులుగా ఉండే సరుకు, నొక్కితే చాలా రేకులు పడుకుంటాయి. పడుకున్న రేకుల వెంట కరెంటు బాగా పారుతుంది, బిళ్ల పైనుంచి కిందికి వేడి తక్కువ పారుతుంది. లేజర్ ఫ్లాష్‌లో (వేడి ఎంత పారుతుందో కొలిచే యంత్రం) పెట్టిన బిళ్ల పైనుంచి కిందికి వేడి కొలిచి, అదే బిళ్లలో పక్కలకు కోసిన ముక్కలో కరెంటు కొలిచి, రెండు వైపులా మంచి అంకెలే ఏరుకుని ఒకే ఫార్ములాలో వేస్తే జెడ్‌టీ ఎందుకు పెరగదు! ఏ దిశలో ఏది కొలిచారో రాయని పేపర్‌లో 2 అని ఉంటే నేను దాన్ని 2 అని చదవడం మానేశాను.

మొన్న మా జూనియర్ ఒకడు వచ్చి "అన్నా, ఇందులో మిల్లింగ్ ఎన్ని గంటలో లేదు, బంతులెన్నో లేదు, ఎంత పెట్టను?" అన్నాడు. రాసినవాళ్లకే మెయిల్ పెట్టమన్నాను. మూడు వారాలైంది, జవాబు లేదు. వాడు ఎనిమిది గంటలు పెట్టి తిప్పేస్తున్నాడు.