పాత థింక్‌ప్యాడా, కొత్త సెలెరానా?

ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయికి 22,000 రూపాయల లోపు ల్యాప్‌టాప్ కొనాలి. షోరూములో చూసివచ్చిన, సెలెరాన్ అనే చవక రకం ఇంటెల్ ప్రాసెసరున్న కొత్తదే కొనాలని తండ్రి శేషగిరి గారి పట్టు. 2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480ని రీఫర్బిష్డ్‌లో, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేచోట, తీసుకుందామని మేనమామ మురళి వాదన.

శేషగిరి: మురళీ, నువ్వు ఎన్ని చెప్పినా అది ఎవరో వాడి వదిలేసిన వస్తువు. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంది, ఏదైనా అయితే పట్టుకెళ్ళి అడగడానికి సర్వీస్ సెంటరు ఉంది. హాస్టల్లో ఉండే పిల్ల చేతికి పాత యంత్రం ఇస్తే, సెమిస్టరు పరీక్షల ముందు అది ఆగిపోతే ఎవరిని అడగాలి?

మురళి: వారంటీ విలువ నాకు తెలియక కాదు, బావగారూ. అయితే అది దేనికి వస్తుందో కూడా చూడండి. మీరు చూసినదానిలో ఉన్నది సెలెరాన్ ఎన్4500, పని చేసే కోర్లు రెండే. ర్యామ్ 4 జీబీ, అదీ బోర్డుకే అతికించి ఉంటుంది కనుక రేపు పెంచుకుందామన్నా వీలుపడదు. స్టోరేజీ 64 జీబీ. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత సరిగ్గా ఇదే: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అమ్మాయి బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిచి, పక్కనే జావా ప్రోగ్రాము రాసుకుందామంటే మొదటి నెలలోనే మొరాయిస్తుంది. మందకొడితనం పాడవడం కిందికి రాదు కాబట్టి వారంటీ దానికి పనికిరాదు. అదే టీ480లో ఐ5-8350యూ ప్రాసెసరు ఉంటే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనులు నడపగలదు. ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉంటాయి కాబట్టి ఇప్పుడు 8 జీబీతో కొని, అవసరం పడినప్పుడు ఇంకొకటి వేసుకోవచ్చు. పైగా ఇవన్నీ పాడై పారేసినవి కావు. కంపెనీలు లీజుకు తీసుకుని, మూడు నాలుగేళ్ళ గడువు తీరగానే బాగున్నవాటిని కూడా కలిపి ఒకేసారి మార్చేస్తాయి.

శేషగిరి: మీటరు తక్కువ తిరిగిందని చెప్పి నాచేత సెకండ్‌హ్యాండ్ బండి కొనిపించినప్పుడు కూడా ఇంత నమ్మకంగానే చెప్పావు. ఏడాది తిరగకుండా ఇంజను బోరుకొచ్చింది.

మురళి: ఆ బండికి మీరు ఒక్కసారైనా ఆయిల్ మార్పించారా?

శేషగిరి: రెండుసార్లు మార్పించాను, బిల్లులు మీ అక్క దగ్గరున్నాయి. మీటరు వెనక్కి తిప్పి ఉంటారని మెకానిక్కే చెప్పాడు, నువ్వే వినిపించుకోలేదు.

మురళి: సరే, మీటరు ఒక్కదాన్నే చూసి నమ్మడం నా పొరపాటే. అందుకే ఈసారి ఎవరి మాటా నమ్మకుండా యంత్రాన్నే అడుగుదామంటున్నాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం వాడి ముందే ల్యాప్‌టాప్ తెరిచి, కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్టు తీయమందాం. టీ480లో రెండు బ్యాటరీలు ఉంటాయి, ఒకటి లోపల, ఒకటి బయట. లోపలిదాని డిజైన్ కెపాసిటీ, అంటే కొత్తలో పట్టే ఛార్జి, 24,000 మిల్లీవాట్ అవర్లకు అటూ ఇటూగా కనిపిస్తుంది. దాని కిందే ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని, ఇప్పుడు పట్టే ఛార్జిని చెప్పే ఇంకొక అంకె ఉంటుంది. అది 12,000 అని చూపిస్తే ఆ బ్యాటరీ సగం చచ్చినట్టే. బయటిదాన్ని రెండు గొళ్ళేలు జరిపి చేత్తోనే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు, లోపలిదానికి మాత్రం కింది మూత విప్పాలి. తరువాత బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్ళి చూడాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో బేరం ఆపేయాలి, ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ తెలియకపోతే మదర్‌బోర్డు మార్చడం తప్ప లెనోవో వారు చెప్పే దారి మరొకటి లేదు. విండోస్‌ను రీసెట్ చేయించి ఇంటర్నెట్‌కు కలపాలి. అప్పుడు ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే, ఆ కంపెనీ దాన్ని ఇంకా తన జాబితా నుంచి తీసేయలేదని అర్థం.

ఇంకొక సంగతి, మూత మీద టీ480 అని ఉంటే చాలదు. ఆ మోడల్ 7వ తరం ప్రాసెసర్లతోనూ వచ్చింది, వాటికి విండోస్ 11 మద్దతు లేదు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ప్రాసెసరు పేరులో ఐ5 తరువాత అంకె 8తో మొదలవుతోందో లేదో స్వయంగా చూసుకోవాలి.

శేషగిరి: ఇవన్నీ నువ్వు చూడగలవు. ఇలాంటి మేనమామ లేని పిల్ల తండ్రి ఏం చేయాలి? రీఫర్బిష్డ్ అనే మాటకు అర్థమేమిటో నువ్వైనా చెప్పు. దుమ్ము తుడిచి, స్టిక్కరు అంటించి అదే పేరుతో అమ్మేవాళ్ళు లేరా? పోయిన వారం నువ్వు చూపించినదాని తెరను కాస్త పక్కనుంచి చూస్తే రంగులన్నీ వెలిసిపోయినట్టున్నాయి. నాలుగేళ్ళపాటు రోజుకు ఆరేడు గంటలు దాన్ని చూడవలసింది నా కూతురు, నువ్వు కాదు.

మురళి: తెర విషయంలో మీతో వాదించను. అది 1366×768 రకం, దాన్ని నేను మీకు చూపించకుండా ఉండవలసింది. పక్కనుంచి చూసినా రంగులు అంతగా వెలిసిపోని ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర ఉంటేనే తీసుకుందాం, దొరకకపోతే ఆగుదాం. మీ మొదటి ప్రశ్నకు మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. చూసిపెట్టేవాళ్ళు లేనివారు రాతపూర్వకంగా ఆరు నెలలో, ఏడాదో వారంటీ ఇచ్చే దుకాణంలోనే కొనాలి, దానికి రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. అదీ కుదరకపోతే కొత్తదే కొనుక్కోవడం మేలని నేనే చెబుతాను.

శేషగిరి: ఛార్జింగు సంగతి కూడా చెప్పు. ఈ మోడల్‌లో ఛార్జింగు పోర్టులు పోతాయని మా ఆఫీసులో ఒకరు అన్నారు.

మురళి: నిజమే. దీనికి ఛార్జింగు టైప్-సి పోర్టుల నుంచే. రెంటిలో థండర్‌బోల్ట్ అనే వేగవంతమైన పోర్టుకు పాత ఫర్మ్‌వేర్‌తో, అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌తో, ఇబ్బంది వచ్చింది, లెనోవో దానికి సవరణ విడుదల చేసింది. రెండు పోర్టుల్లోనూ ఛార్జరు పెట్టి చూసి, ఆ అప్‌డేటు పడిందో లేదో అక్కడే చూద్దాం.

శేషగిరి: అయితే శనివారం వెళ్దాం. తెర నాకు నచ్చాలి, ఆ రిపోర్టులో రెండో అంకె మొదటిదానిలో నూటికి డెబ్బై వంతులైనా ఉండాలి, వారంటీ కాగితం మీద దుకాణం ముద్ర పడాలి. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా లేచి వచ్చేద్దాం.

మురళి: అమ్మాయిని కూడా తీసుకువెళ్దాం బావగారూ, ఆ కీబోర్డు మీద ఒక పేజీ టైపు చేసి చూడవలసింది తనే.