వీస్నర్‌కి మా ఫారంలో ఎన్ని మార్కులు?

అమరావతి క్వాంటమ్ వ్యాలీ పుణ్యమా అని ఇప్పుడు ఎవరిని కదిపినా క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ల లాంటివి) మాటే. సంతోషం. కానీ ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ గురించి చెప్పాల్సి వస్తే మాత్రం మనవాళ్లు ఇంకా "సార్‌కి రెండొందల పేపర్లండీ, హెచ్-ఇండెక్స్ (పేపర్లు ఎన్ని, వాటిని ఇతరులు ఎంత ఉటంకించారు అని కలిపి వేసే అంకె) నలభై" అనే మొదలుపెడతారు. ఆ పేపర్లలో ఏముందని అడిగి చూడండి, అడగడమే అమర్యాద అన్నట్టు చూస్తారు.

పేపర్లు లెక్కపెట్టి మార్కులేసే మా ప్రమోషన్ ఫారంలో స్టీఫెన్ వీస్నర్ ఎక్కడ తేలతాడు?

1960ల చివర్లో కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటున్న కుర్రాడు. దొంగనోటు కొట్టడం కుదరని కరెన్సీ ఎలా చెయ్యాలా అని ఆలోచించాడు. నోటు మీద నంబరుతో పాటు 20 చిన్న క్వాంటమ్ వ్యవస్థలు బంధించి ఉంటాయి. ఫోటాన్లు, అంటే కాంతి కణాలు అనుకోండి. ఒక్కోటి నాలుగు దిశల్లో ఏదో ఒకదానిలో పోలరైజ్ అయి ఉంటుంది: నిలువు, అడ్డం, రెండు ఏటవాలులు. ఏ నంబరు నోటులో ఏ దిశలున్నాయో బ్యాంకుకే తెలుసు. నకలు తీసేవాడు నిలువు-అడ్డం పెట్టి కొలిచాడు, అక్కడున్నది ఏటవాలు ఫోటాన్. ఇక వచ్చేది బొమ్మా బొరుసే, పైగా అసలు నోటు కూడా పాడవుతుంది. ఎంత మొనగాడైన దొంగకైనా ఒక్కో ఫోటాన్ దగ్గర గట్టెక్కే అవకాశం నాలుగింట మూడు వంతులు దాటదని తర్వాతివాళ్లు లెక్కగట్టి తేల్చారు. మూడు వంతులంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ 20 చోట్లా గట్టెక్కాలిగా. అప్పుడు వెయ్యికి మూడే.

ఆ పేపర్‌ని జర్నల్ తిప్పి పంపేసింది. తండ్రి జెరోమ్ వీస్నర్ అంటే కెనడీకి సైన్స్ సలహాదారుగా చేసినవాడు, తర్వాత ఎంఐటీ ప్రెసిడెంట్ అయ్యాడు. ఇంట్లో పలుకుబడికి లోటు లేదు, అయినా పేపర్ పడలేదు. చివరికి 1983లో అచ్చయింది, అదీ సిగాక్ట్ న్యూస్ అనే న్యూస్‌లెటర్‌లో. అంతవరకూ పదేళ్లకు పైగా నలుగురు తెలిసినవాళ్ల మధ్యే తిరిగింది. ఆ పదేళ్లకీ మన ఫారంలో సున్నా.

ఆ నలుగురిలో ఒకడు చార్లెస్ బెనెట్ అనే ఫిజిసిస్ట్. 1979లో ప్యూర్టోరికోలో ఒక సదస్సుకి వెళ్లినప్పుడు, సముద్రంలో ఈతకొడుతున్న జీల్ బ్రసార్డ్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ దగ్గరికి తనూ ఈదుకుంటూ వెళ్లి, ముక్కూమొహం తెలియని మనిషితో ఈ నోట్ల సంగతి ఎత్తుకున్నాడు. నోటులో ఫోటాన్లని దాచిపెట్టే బదులు వాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపి రహస్య తాళంచెవి పంచుకుంటే? అవే నాలుగు దిశలు, అదే కిటుకు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో బీబీ84 అనే పద్ధతి అలా పుట్టింది. క్వాంటమ్ క్రిప్టోగ్రఫీకి, అంటే క్వాంటమ్ సూత్రాలతో సమాచారాన్ని గుప్తంగా ఉంచే విద్యకి, అదే పునాది. దాన్ని ఎక్కడ సమర్పించారో తెలుసా? మన బెంగళూరులో, 1984 డిసెంబరులో. మొత్తం ఐదు పేజీలు, అదీ కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో. నేను నింపిన ప్రమోషన్ ఫారంలో కాన్ఫరెన్స్ పేపర్లకి వేరే కాలమ్ ఉంది, జర్నల్ పేపర్‌కి వచ్చే దాంట్లో సగం కూడా రాదు.

వీస్నర్ 1992లో బెనెట్‌తో కలిసి ఇంకోటి రాశాడు: ఇద్దరి దగ్గరా ముందే ఎంటాంగిల్ అయిన (విడదీసినా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే) క్యూబిట్ల జంటలో చెరొకటి ఉంటే, ఒక్క క్యూబిట్ పంపి రెండు బిట్ల సమాచారం చేరవెయ్యొచ్చని. ఆయన పేరున్న పేపర్లన్నీ కలిపినా వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. తర్వాత ఇజ్రాయెల్ వెళ్లిపోయి, తన ఇష్టంతోనే, జెరూసలేంలో భవన నిర్మాణ కూలీగా పనిచేశాడు. 2019లో క్వాంటమ్ పరిశోధనకిచ్చే మిసియస్ ప్రైజ్ అందుకున్నవాళ్లలో ఆయనా ఒకరు. 2021లో పోయాడు.

"ఒక్క వీస్నర్‌ని చూపించి పేపర్లు రాయని వాళ్లందరినీ మేధావుల్ని చేస్తావా?" అంటారని తెలుసు. చెయ్యను. ఏళ్ల తరబడి ఏమీ రాయనివాళ్లలో చాలామంది నిజంగానే ఏమీ చెయ్యరు, మా స్టాఫ్ రూములో చూస్తూనే ఉన్నాను. నా గొడవ రెండోరకం వాళ్లతో. ఇంటర్నెట్‌లో వాడుకోనిచ్చే క్వాంటమ్ కంప్యూటర్ క్లౌడ్‌లో ఖాతా తెరిచి, నాలుగు క్యూబిట్ల సర్క్యూట్ ఒకటి నడిపి, వచ్చిన హిస్టోగ్రామ్‌ని అతికించి, "ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి" అని ముగిస్తే ఒక పేపర్. ఒక గేటు మారిస్తే ఇంకోటి. విభాగాధిపతి పేరు ఎలాగూ ఉంటుంది, ఫీజు కడితే అచ్చూ అవుతుంది. ఏడాది తిరిగేసరికి మనిషి "క్వాంటమ్ నిపుణుడు" అయిపోయాడు!

ఇప్పుడు దీనికి డబ్బు కూడా తోడవుతోంది. 2023లో కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 6003 కోట్లు ఆమోదించింది. అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం అంటున్నారు. రేపు పోస్టులు పడతాయి. ఆ పాత ఫారంతోనే తీసుకుంటే ఆ యంత్రం మీద ఎలాంటి పని జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అభ్యర్థిని మూడంటే మూడు పేపర్లు తెచ్చుకోమనండి. బోర్డు దగ్గర నిలబెట్టి అరగంట అందులో ఏం చేశాడో చెప్పించండి. దీనికి కమిటీ వాళ్లు ముందు ఆ మూడూ చదవాలి, చిక్కంతా అక్కడే. మార్కులు కూడడానికి క్లర్కు చాలు, చదవడానికి ఆ సబ్జెక్టు తెలిసినవాడు కావాలి. మన దగ్గర లేకపోతే బయటి నుంచి ఇద్దరిని టీఏ, డీఏ ఇచ్చి పిలిపించండి. 6003 కోట్లలో అదెంత?