ఏసీ 18లో శరదృతువు

సెప్టెంబరు నెలాఖరుకల్లా విశాఖలో ఒక వర్గానికి చలి మొదలవుతుంది. థర్మామీటరుకు ఆ కబురు ఇంకా చేరదు. అది 31, 32 దగ్గర నిక్షేపంగా ఉంటుంది. పొద్దున ఆరేసిన తువ్వాలు సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. అయినా సరే, ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా అపార్ట్‌మెంట్లలో ఓవెన్లు వెలుగుతాయి. దాల్చినచెక్క వాసన లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతుంది. సోఫాలో ఊలు దుప్పటి, దుప్పటి కింద మనిషి, మనిషి నెత్తిమీద ఐదో నంబరులో ఫ్యాను.

వీళ్లని వెక్కిరించేవాళ్లకు కొదవలేదు. మేం ఆ జట్టులో లేం. ఆశ్వయుజం, కార్తీకం శరదృతువేనని పంచాంగం కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ముహూర్తం విషయంలో వాళ్లని తప్పుపట్టడానికి లేదు. మా బాధల్లా అమలు గురించే. పరాయి దేశపు శరత్తును ఇంటికి పిలుచుకుని, దానికి తగ్గ ఏర్పాట్లు చేయకుండా, కేకు పొంగలేదని మైదాని తిట్టడం అన్యాయం.

మొదట వెన్న సంగతి. రెసిపీలో ‘గది ఉష్ణోగ్రతలో ఉన్న వెన్న’ అని ఉంటుంది. ఎవరి గది అని ఎవరూ అడగరు. రాసినవాళ్ల గది 20 డిగ్రీలు. వెన్నా పంచదారా కలిపి గిలక్కొడితే పంచదార పలుకులు వెన్నలో సన్నటి గాలి బుడగలు నింపుతాయి. కేకు గుల్లగా రావడానికి ఆ బుడగలే పునాది. 18, 20 డిగ్రీల దగ్గర వెన్న వాటిని పట్టి ఉంచుతుంది. మన వంటింటి గట్టు మీద గంటసేపు ఉంచిన వెన్న నూనె కారుతూ కూర్చుంటుంది. ఇక దాన్ని ఎంత గిలక్కొట్టినా బుడగ నిలవదు, కేకు అడుగున జిడ్డు పొర తేలుతుంది. కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసి, అంగుళం ముక్కలుగా కోసి, పది నిమిషాలు మాత్రం ఆగండి. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు. గిన్నెను కూడా ముందుగా ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.

పిండి పొరల మధ్య యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే ‘యాపిల్ పై’ అయితే ఏర్పాట్లు ఇంకా పెద్దవి. 200 గ్రాముల మైదాలో 100 గ్రాముల చల్లటి వెన్న బఠాణీ గింజంత ముక్కలుగా మిగలాలి. ఓవెన్ వేడికి ఆ ముక్కలు కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలు విప్పుతుంది. విశాఖ అక్టోబరులో ఆ ముక్కలు అప్పడాల కర్ర కిందే కరిగి పిండిలో ఇంకిపోతాయి. తరవాత ఓవెన్‌లోంచి వచ్చేదాన్ని చెక్క అనడమే న్యాయం, అందులో శనగపప్పు మాత్రం ఉండదు. అందువల్ల పిండి ఏసీ గదిలో ఒత్తాలి. సగటు విశాఖ ఇంట్లో ఏసీ ఉండేది పడగ్గదిలో. ఏసీని 18లో పెట్టి, అరగంట ఆగి, డ్రెస్సింగ్ టేబుల్ మీది సరంజామా అంతా తీసేసి, అక్కడ పీట, మైదా, ఐసునీళ్లు సర్దుకోవాలి. ఆ గదిలో కునుకు తీస్తున్న తాతగారిని హాల్లోకి మార్చడం తప్పనిసరి. ఋతువు కోసం ఆమాత్రం త్యాగం చేయలేనివాళ్లు ఉప్మా చేసుకోవచ్చు.

ఏసీని, ఓవెన్‌ని మాత్రం ఒకే లైను మీద వేయకండి. 1600 వాట్ల ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న ఓవెన్) ఒక్కటే దాదాపు 7 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీకి వాడే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అందులో గుచ్చితే కేకుకన్నా ముందు ప్లగ్గు కాలుతుంది.

ఆ ‘యాపిల్ పై’లోకి కాశ్మీరు, హిమాచల్ యాపిల్ సరిగ్గా ఈ రోజుల్లోనే బండ్ల మీదికి వస్తుంది. తీపి ఎక్కువ, పులుపు తక్కువ, వేడికి గుజ్జయిపోతుంది. నాలుగు కాయలకు ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపితే కొంత నిలబడుతుంది. ఏజెన్సీ నుంచి తట్టల్లో దిగే సీతాఫలాన్ని చూసి మనసు పారేసుకోకండి. దానికి సెగ తగిలితే చేదెక్కుతుంది, చల్లారిన పాలలో చివర్న కలుపుకోవాల్సిందే.

ఫొటోకి ఎర్రటి ఆకులు కావాలి. మన ఊళ్లో ఎర్రబడి రాలేది బాదం ఆకు, అది ఎప్పుడు రాలాలో దాని ఇష్టం. సామూహికంగా రాలిన సందర్భం ఒకటుంది: 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను తీరం దాటిన ఆ రోజు ఊళ్లో చెట్లు ఆకులతో సరిపెట్టుకోలేదు, కొమ్మలూ వేళ్లూ కూడా సమర్పించుకున్నాయి. ఆ తరహా శరత్తును ఎవరూ మళ్లీ కోరుకోరు. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ఆకులు దొరుకుతున్నాయి, వాటితో కానివ్వండి.

ఇక గుమ్మడికాయ. అసలు వ్యవహారమంతా దాని చుట్టూనే. కాయకి కళ్లూ కోరలూ పెట్టి గుమ్మంలో ఉంచడం అమెరికా నుంచి వచ్చిన ముచ్చటని కొందరు మురిసిపోతున్నారు. అదే గుమ్మానికి మీసాలు దిద్దిన రాక్షసుడి మొహంతో బూడిద గుమ్మడికాయ గృహప్రవేశం నాటి నుంచీ వేలాడుతోంది, పాపం, దాన్ని ఎవరూ ఫొటో తీయరు. దసరా ముందు రైతుబజారులో ఉత్తి ‘గుమ్మడికాయ’ అంటే చేతికొచ్చేది కూడా ఈ బూడిదదే. వడియాలకీ దిష్టికీ భేషైన కాయ, కేకులో వేస్తే మిగిలేది నీరు. ‘తీపి గుమ్మడి’ అని అడగాలి, కోసిన ముక్క చూసి కొనాలి. కండ ముదురు నారింజ రంగులో గట్టిగా ఉండాలి, గింజల దగ్గర జిగురు ఉండకూడదు.

విదేశీ రెసిపీల కొలతలు డబ్బా గుజ్జుకి రాసినవి, అది చిక్కన. మన కాయలో నీరు ఎక్కువ. కిలో ముక్కని తొక్కతోనే ఆవిరి మీద 20 నిమిషాలు ఉడికించండి, నీళ్లలో వేస్తే ఇంకా పీలుస్తుంది. గుజ్జు గీకి, పలచటి గుడ్డలో మూటకట్టి, సింకు కుళాయికి గంటసేపు వేలాడదీయండి. కారిన నీటిని పులుసులో పోసుకోవచ్చు. పైన ఎర్రగా కాలి మధ్యలో హల్వాలా మిగిలే కేకులన్నీ ఈ మూట కట్టని ఇళ్లలో పుట్టినవే.

గుమ్మడికాయ పేరు పెట్టుకున్న ‘పంప్కిన్ స్పైస్ లాటే’ అనే కాఫీని అమెరికా కాఫీ కంపెనీ స్టార్‌బక్స్ 2003లో మొదలుపెట్టింది. 2015 దాకా అందులో గుమ్మడికాయ అన్నదే లేదు, ఉన్నదల్లా మసాలా వాసన. ఆ మసాలా ఏమిటయ్యా అంటే దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. పూర్ణా మార్కెట్లో పొట్లం కట్టిచ్చే సరుకే బుల్లి సీసాలోకి దూరి, విమానమెక్కి వచ్చి, మనల్ని గుర్తుపట్టనట్టు నటిస్తోంది. దాల్చిన పొడి మూడు చెంచాలు, శొంఠి ఒకటి, జాజికాయ అర, లవంగం పావు. వాన గాలికి మెత్తబడిన చెక్క మిక్సీలో నలగదు, ముందు పెనం మీద నిమిషం వెచ్చబెట్టండి.

వెన్న గొడవ వద్దనుకునేవాళ్లకు గుమ్మడి కేకు సుఖం, నూనెతో అయిపోతుంది. మైదా 200 గ్రాములు, గుజ్జు 220, అనకాపల్లి బెల్లం 150, సన్‌ఫ్లవర్ నూనె 100 మిల్లీలీటర్లు, రెండు గుడ్లు, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, అర చెంచా ఉప్పు, మసాలా రెండు చెంచాలు. బెల్లాన్ని రెండు పెద్ద చెంచాల నీళ్లలో కరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లార్చాలి. పంటికింద ఇసుక పడితే శరత్తు అక్కడితో సరి. 175 డిగ్రీల్లో 50 నుంచి 60 నిమిషాలు. బేకింగ్ పౌడర్ డబ్బా నిరుటిదైతే చెంచాడు వేణ్నీళ్లలో వేసి చూడండి. బుసబుసమనకపోతే సముద్రపు చెమ్మ దాని పని డబ్బాలోనే పూర్తిచేసిందన్నమాట.

బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంది. తడి తగిలిన క్షణం నుంచే సోడా దాంతో పని మొదలుపెడుతుంది. కాబట్టి కలిపిన పిండి వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి. ఇక్కడే జాతీయ స్థాయి విషాదం జరుగుతోంది. గిన్నెని కిటికీ దగ్గర పెట్టి, పక్కన ప్లాస్టిక్ ఆకులు చల్లి, రీలు తీసి, పాట ఎంచుకునేసరికి పావుగంట. కేకులో పొంగాల్సిన గాలి కిటికీలోంచి వెళ్లిపోయింది. రీలు ముందే తీసుకోండి, ఉత్తి పొడి మైదాతో. ఎవరూ కనిపెట్టరు.

ఇంతలో కార్తీకం వస్తుంది. ప్రపంచమంతా గుడ్లు గిలక్కొడుతున్న వేళకి సరిగ్గా అత్తగారు ఫ్రిజ్‌లో గుడ్ల ట్రే ఖాళీ చేయిస్తారు. రాజీమార్గం పెరుగు: గుడ్డుకి 60 గ్రాములు, అదీ గుడ్డలో వాడ్చినది. కుళాయికి ఇప్పుడు రెండు మూటలు. గుడ్డు ఇచ్చే బిగి పెరుగు ఇవ్వదు కాబట్టి లోతు టిన్నులో మధ్య కుంగుతుంది, వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసి 35 నిమిషాలకు పుల్ల గుచ్చి చూడండి.

అదే వారం అదే వంటింట్లో అత్తగారు నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి చేస్తుంటారు. ఓవెన్ లేదు, పొయ్యి కూడా లేదు, వెన్న ఎన్ని డిగ్రీల్లో ఉందో ఎవరికీ పట్టదు. ఇంట్లో, ఈ ఋతువులో, ఈ ఋతువు కోసమే చేసే తీపే అయినా దీన్ని ‘కోజీ’ (వెచ్చవెచ్చని హాయి) జాబితాలో చేర్చడానికి మా మనసు ఒప్పడం లేదు. ఫొటోలో మట్టిరంగులో పడుతుంది మరి. చిమ్మిలికి పావుకిలో నువ్వులకు 200 గ్రాముల బెల్లం. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, ఏకధాటిగా తిప్పితే నూనె ఊరి ముద్ద జారిపోతుంది. చలిమిడికి బియ్యం రాత్రంతా నానబెట్టి, వాడ్చి, గుడ్డ మీద పావుగంట మాత్రం ఆరనిచ్చి పిండి పట్టాలి. పిడికిట నొక్కితే ముద్ద నిలవాలి, చెయ్యి తడవకూడదు. బెల్లం తురుము అంతా ఒక్కసారే వేస్తే నీరొదిలి జావైపోతుంది, విడతలుగా కలపాలి. ‘కొలతెంత అత్తయ్యా?’ అంటే ‘పిండే చెబుతుందమ్మా’ అని జవాబు వస్తుంది. ఇలాంటి రెసిపీకి రేటింగు ఎలా ఇస్తారు?

చివరగా వాయుగుండం. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే ఓవెన్ వేసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. పోయే హక్కు కరెంటుకీ ఉంది. నలభయ్యో నిమిషం దాటాక పోతే ఓవెన్ తలుపు తీయకండి, లోపలి వేడికే కేకు చాలావరకు కట్టుకుంటుంది. పదో నిమిషంలో పోతే ఆలోచించొద్దు. మందపాటి మూకుడుకి నూనె రాసి, పిండి అందులోకి దించి, కింద పెనం వేసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద 45 నిమిషాలు ఉంచండి. అడుగు ఎర్రగా, పైన మెత్తగా వస్తుంది. తిరగేయడానికి ప్రయత్నిస్తే విరుగుతుంది. ఫోన్‌లో ఛార్జింగ్ మిగిలి ఉంటే ‘రస్టిక్’ అని పెట్టి ఫొటో వేయండి, లేకపోతే దిబ్బరొట్టె అని చెప్పి పెట్టేయండి, తాతగారు ఇంకో ముక్క అడుగుతారు.