తొమ్మిదో క్లాసు మార్కులు ఎక్కడ పెట్టారు?

జేఈఈలో ర్యాంకు రాలేదని తేలాక, మేనేజ్‌మెంట్ సీటు రేటు విన్నాక, 'ఇంత పోసేదేదో అమెరికాలోనే పోద్దాం, బీటెక్ అక్కడే చదివిద్దాం' అనుకునే ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం లేవు. ఎమ్మెస్ దారి మనకి కొట్టినపిండే. 2023-24లో అమెరికాలో ఉన్న ఇండియా స్టూడెంట్స్ 3,31,602 మంది అయితే అందులో డిగ్రీ చదివేవాళ్లు 36,053 మందే, అంటే ఈ రెండో దారి గురించి అడిగితే చెప్పేవాళ్లు కూడా తక్కువే, కన్సల్టెన్సీ వాళ్లేమో 'శాట్ రాయించండి సార్, మిగతాది మేం చూసుకుంటాం' అని పంపించేస్తారు.

శాట్ అంటే అమెరికా కాలేజీల్లో అడ్మిషన్ కోసం రాసే పరీక్ష, దాంతోనే అయిపోదు. ఎంఐటీ 2022లో శాట్‌ని మళ్లీ తప్పనిసరి చేసింది నిజమే, కానీ యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అడ్మిషన్‌కి అసలు శాట్ స్కోరే చూడదు. అక్కడ చూసేది స్కూల్లో ఏమేం చదివావు అని, అదీ తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. హిస్టరీ రెండేళ్లు, ఇంగ్లిష్ నాలుగు, మ్యాథ్స్ మూడు, సైన్స్ రెండు, ఇంగ్లిష్ కాని భాష రెండు, ఆర్ట్స్ ఒకటి, ఎలెక్టివ్ ఒకటి, మొత్తం 15 కోర్సులు లేదా వాటికి సమానమైనవి, దేంట్లోనూ సి గ్రేడ్ కంటే తగ్గకూడదు, పైగా వాటిలో 11 ఆఖరి ఏడాదికి ముందే అయిపోవాలి. మన లెక్కలో చెప్పాలంటే ఇంటర్ ఫస్టియర్ అయ్యేసరికి.

మ్యాథ్స్ గురించి మనకి దిగుల్లేదు, ఇంటర్‌లో మ్యాథ్స్ చదివినోడికి కాలిక్యులస్ వచ్చేసినట్టే. భాషకీ ఇబ్బంది లేదు, తెలుగైనా హిందీ అయినా మార్కుల కోసం తీసుకున్న సంస్కృతమైనా సరే. తేడా వచ్చేది మిగతా వాటిలో. ఎంపీసీ పిల్లాడు టెన్త్‌తోనే సోషల్‌కి దణ్ణం పెట్టేస్తాడు కాబట్టి హిస్టరీ కింద చూపించుకోడానికి తొమ్మిది, పదిలో చదివిందే దిక్కు, టెన్త్ మెమో బీరువాలో భద్రంగా ఉంటుంది గానీ తొమ్మిదో క్లాసు ప్రోగ్రెస్ కార్డు ఎవరి దగ్గరుంది? పాత స్కూల్‌కెళ్లి అడిగితే 'టీసీ తీసుకెళ్లారు కదండీ, ఇంకేం కావాలి' అంటారు. ఇక ఆర్ట్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టైమ్‌టేబుల్‌లో శుక్రవారం ఆఖరి పీరియడ్ డ్రాయింగ్ అని రాసి ఉంటుంది, ఆ పీరియడ్‌లో మ్యాథ్స్ సార్ వచ్చి స్లిప్ టెస్ట్ పెడతాడు. (బయట నేర్చుకున్న కూచిపూడి యాక్టివిటీస్‌లో రాసుకోవచ్చు, స్కూల్ కోర్సు కింద లెక్కలోకి రాదు.)

కాలిఫోర్నియా వాళ్లు అప్లై చేసేటప్పుడు మార్కులు పిల్లల్నే ఎంటర్ చేయమంటారు, సీటొచ్చాక అసలు కాగితాలు అడుగుతారు, తేడా కనిపిస్తే సీటే పోవచ్చు. కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్‌తో అప్లై చేసే వెబ్‌సైట్‌లో ఉన్న కాలేజీలైతే స్కూల్ కౌన్సెలర్ నుంచి రిపోర్టు, చాలావరకు ఏడాది మధ్యలో మార్కుల రిపోర్టు కూడా అడుగుతాయి. కౌన్సెలర్ అనే మనిషే మన ఇంటర్ కాలేజీల్లో ఉండడు, ప్రిన్సిపల్‌ని అడుగుదామంటే ఆయన ఈ ఏడాది ఏ బ్రాంచిలో ఉన్నాడో ముందు కనుక్కోవాలి.

పిల్లల్లో లోపం ఉందని మేం అనుకోవట్లేదు. ఎనిమిదో క్లాసు నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో మిగతావన్నీ పక్కనపెట్టేసిన చదువుది లోపం, చదివినదానికి కూడా సరైన కాగితం ఇవ్వలేని వ్యవస్థది ఇంకా పెద్ద లోపం. విద్యాశాఖలు, ఇంటర్ బోర్డులు కలిసి తొమ్మిది నుంచి పన్నెండు దాకా సబ్జెక్టు, మార్కులు, ప్రాక్టికల్స్ అన్నీ ఉండే ఒకే ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వడం పెద్ద ఖర్చు పని కాదు, జర్మనీకో కెనడాకో వెళ్లేవాళ్లకీ పనికొస్తుంది. కాలిఫోర్నియా అప్లికేషన్లు మామూలుగా అక్టోబర్ 1 నుంచి నవంబర్ 30 దాకా తీసుకుంటారు, సెకండియర్ పిల్లలు సరిగ్గా అప్పుడే కోచింగ్‌లో ఊపిరాడకుండా ఉంటారు. లక్షల్లో ఫీజు తీసుకునే కాలేజీలు కనీసం ఆ రెండు నెలలైనా ఈ కాగితాలు చూసి సంతకం పెట్టే ఒక లెక్చరర్‌ని కేటాయించాలి, అది కూడా ఈ ఏడాది నుంచే.