బెజవాడలో వేడినీళ్ళు

బెజవాడలో వేడినీళ్ళ కోసం డబ్బు ఖర్చు పెట్టడమంటే కొండపల్లిలో ఉన్న చుట్టాలకు బెజవాడలో బొమ్మ కొని పట్టుకెళ్ళడం లాంటిది. ఏప్రిల్ మొదలుకొని జూన్ సగం దాకా మా మేడ మీది నల్ల ట్యాంకు ఆ పని ఉచితంగానే చేసిపెడుతుంది. మధ్యాహ్నం రెండింటికి కుళాయి తిప్పి చెయ్యి కడుక్కున్నవాడు మూడింటి దాకా ఆ చేత్తో ఏమీ పట్టుకోడు. తెల్లదొరలు ఈ ఊరిని బ్లేజ్‌వాడ అన్నారని చెప్పుకుంటారు. మా కుళాయి తిప్పి ఉంటే ఇంకా ఘాటైన పేరే పెట్టేవాళ్ళు.

అలాంటి ఊళ్ళో, సత్యనారాయణపురంలో, 30 ఏళ్ళు ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నేను, మేడ మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టించాను. కారణం అల్లుడు.

అమ్మాయీ అల్లుడూ మూడేళ్ళ తర్వాత టొరాంటో నుంచి సంక్రాంతికి వస్తున్నారు. భోగినాడు అల్లుడికి తలంటు పోయాలి. మా ఇంట్లో నీళ్ళు కాగేది బకెట్టులో వేలాడదీసే హీటర్ రాడ్డుతో. “పండగపూట అల్లుడిని పీట మీద కూర్చోబెట్టి, బాబూ, బకెట్టు ముట్టుకోకు, షాకు కొడుతుంది అని చెప్పమంటారా?” అని మా ఆవిడ అడిగింది. అటక మీద మా అమ్మ నాటి ఇత్తడి గంగాళం ఉంది కదా అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకే నీళ్ళు కాగేవి.

దుకాణంవాడు 200 లీటర్ల ట్యాంకు తీసుకోమన్నాడు. అక్కడే నిలబడి లెక్క కట్టాను. అన్ని నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 8 యూనిట్ల కరెంటు కావాలి. అంటే సూర్యుడు ఇన్నాళ్ళూ నాకు రోజుకు 8 యూనిట్లు బాకీ పడి తిరుగుతున్నాడన్నమాట. వెంటనే వసూలు చేయాలనిపించింది.

బిగించడానికి వచ్చిన ప్లంబరు నన్ను చూడగానే చేతిలో రెంచి కింద పెట్టి నమస్కారం చేశాడు. “మాస్టారూ, గుర్తుపట్టారా? మీ దగ్గరే ఇంటర్ చదివాను. ఫిజిక్స్‌లో సరిగ్గా పాసు మార్కులతో గట్టెక్కాను.” ఆ మాట విని నేను ఆనందించాను. ఆ ‘సరిగ్గా’ అన్నచోటే ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మొదటి ప్రశ్న. స్నానాల గది నెత్తిన పెడితే సరిపోయేది. కానీ మా బావమరిదికి వాస్తు తెలుసు. “నిప్పు ఆగ్నేయంలో ఉండాలి, బరువు నైరుతిలో ఉండాలి, నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి. ఇది నిప్పూ నీళ్ళూ బరువూ కలిసిన వస్తువు బావగారూ, చాలా చిక్కు” అన్నాడు. రెండు పెసరట్లు తినేంత సేపు ఆలోచించి, మూడోది తింటూ ఆగ్నేయానికి ఓటు వేశాడు. అల్లుడు దిగే గది, దాని స్నానాల గది వాయవ్యంలో ఉన్నాయి. మేడను ఈ మూల నుంచి ఆ మూలకు కోస్తూ గొట్టం 60 అడుగులు అయింది.

“ముప్పావు అంగుళం గొట్టం చాలు మాస్టారూ” అన్నాడు ప్లంబరు. ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. అంగుళం గొట్టం వెయ్యమన్నది నేనే. అల్లుడి పంచెకు అంచు ఎంత వెడల్పుంటే అంత మర్యాద అనుకునేవాళ్ళం, గొట్టం విషయంలోనూ అలాగే అనుకున్నాను. గొట్టానికి నురుగు తొడుగు కూడా వేయిద్దామన్నాడు. “బెజవాడలో గొట్టానికి స్వెట్టరు ఎందుకయ్యా?” అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇంకో ఇబ్బంది వచ్చింది. సోలార్ ట్యాంకులోకి నీళ్ళు మా నల్ల ట్యాంకు నుంచే దిగాలి, కాబట్టి నల్ల ట్యాంకు పైన ఉండాలి. మాదేమో ఒక వరస ఇటుకల మీద కూర్చున్న పొట్టి మనిషి. దాన్ని ఎత్తాలంటే స్టాండు కావాలి, స్టాండుకు డబ్బు కావాలి. ప్లంబరు దారి కనిపెట్టాడు. సోలార్ ట్యాంకు స్టాండు కాళ్ళు కోసేసి, దాన్ని ప్యానెల్ పక్కన, అంటే ఎండకు నీళ్ళు కాగే పలక పక్కన, దాని ఎత్తుకే కూర్చోబెట్టాడు. రెండూ అన్నదమ్ముల్లా ముచ్చటగా కనిపించాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. మా మేడ మీద పల్లం కూడా దేవుడికే వదిలేశాం.

మొదటి సాయంత్రం అందరం స్నానాల గది ముందు నిలబడ్డాం. మా ఆవిడ కుళాయికి కుంకుమబొట్టు పెట్టి తిప్పింది. చన్నీళ్ళు వచ్చాయి. ఇంకా వచ్చాయి. అరబకెట్టు నిండాక అప్పుడు గోరువెచ్చగా మొదలైంది. గొట్టం అడ్డుకోత వైశాల్యాన్ని పొడవుతో గుణించి చూశాను. 60 అడుగుల అంగుళం గొట్టంలో 9 లీటర్లు నిలవ ఉంటాయి. కుళాయి తిప్పిన ప్రతివాడూ ముందు ఆ 9 లీటర్లనూ సాగనంపాలి. కట్టేశాక మరో 9 లీటర్ల వేడినీళ్ళు గొట్టంలోనే నిలబడి, స్వెట్టరు లేక చల్లారిపోతాయి. ముప్పావు అంగుళం వేసి ఉంటే ఇందులో దాదాపు సగమే.

ఈ లెక్క ఆవిడకు చెప్పబోతుండగా లోపలి నుంచి కేక వినిపించింది. “ఏమండీ, కమోడులోంచి ఆవిరి వస్తోంది!”

వెళ్ళి చూస్తే నిజమే. ప్లంబరు ఫ్లష్ ట్యాంకుకు చన్నీళ్ళ గొట్టం బదులు వేడినీళ్ళ గొట్టం కలిపాడు. సూర్య భగవానుడు పగలంతా కష్టపడి కాచిన నీళ్ళతో మా ఇంట్లో తొలి స్నానం చేసింది కమోడు. మర్నాడు పొద్దున్నే ప్లంబరు వచ్చి గొట్టం మార్చాడు కానీ, ఆ రాత్రంతా ఇంట్లో ఎవరూ దాని మీద స్థిమితంగా కూర్చోలేకపోయారు.

భోగికి రెండు రోజుల ముందు గాలి గొట్టం వ్యవహారం బయటపడింది. సోలార్ ట్యాంకు నెత్తిన ఒక గొట్టం ఉంటుంది. నీళ్ళలోంచి విడివడే గాలీ, ఎక్కువ కాగితే వచ్చే ఆవిరీ దానిలోంచి పైకి పోవాలి. దాని కొస నల్ల ట్యాంకులోని నీటి మట్టం కంటే పైన ఉండాలి. ఎందుకంటే కలిసి ఉన్న పాత్రల్లో ద్రవం ఒకే మట్టానికి చేరుతుంది. ఈ వాక్యాన్ని నేను 30 ఏళ్ళు బోర్డు మీద రాశాను. మా గొట్టం జానెడు తక్కువైంది, ప్లంబరు దగ్గర ముక్క అంతే మిగిలిందట.

ఆ తెల్లవారుజామున మా ఆవిడ మోటారు వేసింది. నల్ల ట్యాంకు నిండింది. పై జానెడు నీళ్ళు, అంటే దాదాపు 200 లీటర్లు, గాలి గొట్టంలోంచి పొంగి, పిట్టగోడ మీదుగా పక్కింటి మేడ మీదికి జారాయి. అక్కడ మామ్మగారు మనవల కోసం ధనుర్మాసం మొదలైననాటి నుంచి చేసి ఎండబెట్టిన భోగి పిడకలు ఉన్నాయి. నడుమ చిల్లులు పెట్టి, దండలు గుచ్చడానికి సిద్ధంగా ఉన్నాయి. నెల రోజుల పిడకలు ఒక్క గంటలో తిరిగి పేడ అయిపోయాయి.

మామ్మగారు తిట్టలేదు. పిట్టగోడ దగ్గర నిలబడి, “మాస్టారూ, మీరు సైన్సు చెప్పేవారు కదూ?” అని మాత్రం అడిగారు.

ప్లంబరుకు ఫోను చేశాను. వచ్చి గొట్టం కొసకు మూత బిగించాడు. “నీళ్ళు కారుతున్నది దీనిలోంచేగా మాస్టారూ. గాలి గొట్టమే, లేకపోయినా ఏమీ కాదు” అన్నాడు. కాదని చెప్పాల్సిన బాధ్యత నాదే. కానీ ఆ సమయంలో నా మీద వాతావరణ పీడనం కంటే మామ్మగారి పీడనం ఎక్కువగా ఉంది. తలూపాను.

భోగినాడు తెల్లవారుజామున నాలుగింటికి అల్లుడిని పీట మీద కూర్చోబెట్టారు. మా ఆవిడ అతని తలకు నువ్వుల నూనె పెట్టింది, ఒంటికి అతనే రాసుకున్నాడు. పళ్ళెంలో సున్నిపిండి. నేను గర్వంగా కుళాయి తిప్పాను. అది దగ్గింది. ఉమ్మింది. మళ్ళీ దగ్గి, చన్నీళ్ళు వదిలింది. 9 లీటర్లు సాగనంపాం. తర్వాత వచ్చినవీ చన్నీళ్ళే. రెండో బకెట్టు కూడా అంతే. నిన్న సాయంత్రం చెయ్యి పెట్టనివ్వని నీళ్ళు రాత్రికి రాత్రి ఎక్కడికి పోయాయి?

“పర్వాలేదు మామయ్యగారూ, హాయిగా ఉంది” అన్నాడు అల్లుడు, పళ్ళు టకటకలాడుతుండగా. మంచు దేశం నుంచి వచ్చినవాడు బెజవాడ చలికి వణకడమేమిటని నాకు అనుమానం వచ్చింది. అక్కడ చలి వీధిలో ఉంటుందట, ఇంట్లో ఉండదట. కాసేపు చూసి టార్చిలైటు అడిగాడు.

ఒంటినిండా నూనెతో, నడుముకు తువ్వాలుతో మేడ మీద అటూ ఇటూ తిరుగుతున్న మనిషిని వీధిలో భోగిమంట వెలుగులో చూసి, ఎదురింటివాళ్ళు ఎవరో వస్తాదు కసరత్తు చేస్తున్నాడనుకున్నారట. మంట దగ్గరకు పిల్లలతో వచ్చిన మా ప్లంబరు కూడా చూసి పైకి పరుగెత్తుకొచ్చాడు.

అల్లుడు ముందు మూత విప్పాడు. లోపల పోగైన గాలి బుస్సుమంది. “ఇది మూసేస్తే గాలి ట్యాంకు పైభాగంలో చేరుతుంది మామయ్యగారూ, అందుకే కుళాయి దగ్గుతోంది. అంతకంటే ప్రమాదం, నీళ్ళు మరిగితే ఆవిరికి దారి ఉండదు. నీళ్ళు ఖాళీ చేసినప్పుడు గాలి లోపలికి రాకపోతే బయటి పీడనం ట్యాంకును అప్పడంలా నొక్కేస్తుంది” అన్నాడు. తర్వాత ప్యానెల్ కింది గొట్టం మీద చెయ్యి పెట్టి, ట్యాంకునూ దాని కోసిన కాళ్ళనూ చూసి ఊరుకున్నాడు. అతను మర్యాద తెలిసినవాడు. చెప్పాల్సింది నేనే చెప్పేశాను.

పగలు ప్యానెల్‌లో వేడెక్కిన నీళ్ళు తేలికై ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లటివి బరువుగా దిగి ప్యానెల్‌లోకి వస్తాయి. పంపు అక్కర్లేదు. ట్యాంకు ప్యానెల్ కంటే పైన ఉంటే రాత్రి ఈ తిరుగుడు ఆగిపోతుంది. పక్కన కూర్చోబెడితే ఆగదు, తిరగబడుతుంది. ఆకాశం కింద ప్యానెల్ చల్లబడుతుంది, దానిలోని నీళ్ళు బరువెక్కి కిందికి జారి, ట్యాంకులోని వేడినీళ్ళను తమ చోటికి లాక్కుంటాయి. బందరు తీరంలో పగలు సముద్రం నుంచీ రాత్రి నేల నుంచీ గాలి వీస్తుందని ఎర్ర సుద్దతో, నీలం సుద్దతో బాణాలు గీసి చెప్పేవాణ్ణి. అదే బాణం నా మేడ మీద రాత్రంతా వెనక్కి తిరిగి, పగలు సూర్యుడు చెల్లించిన బాకీని చుక్కలకు దానం చేస్తోంది.

నా మొహం చూసి అల్లుడు ఓదార్చాడు. టొరాంటోలో వాళ్ళ ఇంటికి నేలమాళిగలో బాయిలరు ఉందట. అది నీళ్ళు కాస్తే పంపు ఆ నీళ్ళను గదిగదికీ ఉన్న ఇనుప రేడియేటర్లలోకి తిప్పుతుంది. మొదటి చలికాలం కింది గదులు కుంపట్లు, పై గదులు మంచుగడ్డలు. పై రేడియేటర్లలో గాలి చేరింది. చిన్న తాళంచెవితో మర తిప్పి గాలి వదిలితే వేడెక్కేవి, వారానికి మళ్ళీ మామూలే. చివరికి తెలిసిందేమంటే, నీళ్ళు వేడికి వ్యాకోచిస్తే పట్టడానికి పెట్టిన తొట్టి వైపుకే పంపు నీళ్ళను నెడుతోందట. తొట్టి కలిసేచోటు నుంచి అవతలికి నెట్టేలా పెట్టాలి. తిరగేసి పెడితే పంపు ఆడినప్పుడల్లా పై గొట్టాల్లో పీడనం పడిపోయి బయటి గాలిని పీల్చుకుంటాయి. పైగా బాయిలరు ఇంటికి కావలసినదానికి రెట్టింపుదట. “పెద్దదైతే మంచిదని వేశారు మామయ్యగారూ. నాలుగు నిమిషాలు మండేది, ఆగేది, మళ్ళీ మండేది.”

పెద్దదైతే మంచిదన్న మాట దగ్గర నేను గొట్టం వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాను. అయినా మనసుకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇదంతా చేతులు కట్టుకుని వింటున్న ప్లంబరు గొంతు తగ్గించి అడిగాడు. “అక్కడ బిగించినతను కూడా మీ దగ్గరే చదివాడా మాస్టారూ?”

ఆ రోజు తలంటు మాత్రం ఆగలేదు. మా ఆవిడ గంగాళం అటక మీంచి దింపించి వీధిలో భోగిమంట నిప్పుల మీద పెట్టించింది. మామ్మగారు పక్కన నిలబడి అజమాయిషీ చేశారు. మా అల్లుడు ఆ పండగ మూడు రోజులూ పొగ వాసన కొట్టాడు.

తర్వాత నల్ల ట్యాంకుకు ఇనుప స్టాండు చేయించాం, సోలార్ ట్యాంకుకు కాళ్ళు తిరిగి అతికించాం, గాలి గొట్టాన్ని పైకి పెంచాం, ముప్పావు అంగుళం గొట్టం వేసి దానికి స్వెట్టరు తొడిగించాం. మొదట పెడతానన్న ఖర్చుకు ఇది సగం అదనం. ఫిబ్రవరి నెలాఖరుకు బ్రహ్మాండంగా వేడినీళ్ళు రావడం మొదలైంది. అప్పటికి బెజవాడలో ఎండ ముదిరింది, వేడినీళ్ళు ఎవరికీ అక్కర్లేదు.

మే నెలలో ఒకరోజు, దండగమారి వస్తువని మేడ మీద నిలబడి దాన్ని తిట్టుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది. ట్యాంకు చుట్టూ ఉన్న మందపాటి నురుగు వేడిని బయటికి పోనివ్వదు. అలాంటప్పుడు లోపలికి మాత్రం ఎలా రానిస్తుంది? ప్యానెల్ మీద పాత గొంగళి కప్పాను. పాత నీళ్ళు మొక్కలకు వదిలేసి, తెల్లవారుజామున బోరు నీళ్ళు ట్యాంకులోకి పట్టాను. మధ్యాహ్నం రెండింటికి నీలం గుర్తు కుళాయి చెయ్యి కాలుస్తుంటే, ఎర్ర గుర్తు కుళాయిలోంచి, గొట్టంలో నిలిచినవి పోయాక, నాలుగు బకెట్లు చల్లగా దిగాయి.

మామ్మగారికి ఈ సంగతి తెలిసి ఒక మధ్యాహ్నం తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు. స్నానం చేసి, వసారాలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగి, అప్పుడే ఏదో కుళాయి వాషరు మార్చడానికి వచ్చిన ప్లంబరును దగ్గరికి పిలిచారు.

“నాయనా, మా ఇంటి మీద కూడా ఇలాంటిదే ఒకటి బిగించు. ఎండాకాలం చన్నీళ్ళకు ప్రాణం లేచివచ్చింది. గొంగళి నేను ఇస్తాను.”

ప్లంబరు ఆవిడ వైపు చూశాడు, మేడ వైపు చూశాడు, నన్ను పక్కకు పిలిచాడు.

“మాస్టారూ, ఈ పాఠం చెప్పిన రోజు నేను కాలేజీకి రాలేదనుకుంటాను.”