‘లాయరు అక్కర్లేదు, యాప్ చాలు’ అన్న మాట నమ్మకండి

‘చట్టం మారింది. యాప్‌లో డబ్బు కడితే చెరువు లీజు కాగితం ఇంటికొస్తుంది, గొడవైతే కేసు కూడా యాప్ కంపెనీయే నడుపుతుంది, గెలిస్తేనే ఫీజు.’ భీమవరం, అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది. నమ్మి సంతకం పెడితే నష్టపోయేది రైతే.

చట్టం మారింది ఇంగ్లండులో. 2007 నాటి చట్టంతో అక్కడ లాయర్లు కానివాళ్లూ న్యాయసేవల సంస్థల్లో యజమానులు కావచ్చు. మనకు ఇప్పటికీ 1961 అడ్వకేట్ల చట్టమే. మీ కేసు మీరే వాదించుకోవచ్చు. మీ తరఫున వాదించాల్సింది మాత్రం అడ్వకేటే. వేరేవాళ్లకు కోర్టు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప వీల్లేదు.

‘గెలిస్తేనే ఫీజు’ బేరం అడ్వకేటు చేయకూడదు. ఫీజులో కంపెనీకి వాటా ఇవ్వకూడదు. రెండూ బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

అసలు ప్రమాదం లీజు కాగితంలో ఉంది. చేపల చెరువు మూడేళ్లకో అయిదేళ్లకో ఇస్తారు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. యాప్ పంపేది స్టాంపు మీద అచ్చు వేసిన కాగితం, మహా అయితే నోటరీ ముద్ర. నోటరీ రిజిస్ట్రేషన్ కాదు! రెండో ఏడు యజమాని చెరువు ఖాళీ చేయమంటే, మూడేళ్ల గడువుకు ఆ కాగితాన్ని రుజువుగా చూపలేరు. స్టాంపు సుంకం తక్కువైతే దానిమీద పదిరెట్ల దాకా జరిమానా పడొచ్చు. సంతకాలైన నాలుగు నెలల్లోపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఆ గడువు దాటితే మరో నాలుగు నెలలు, అదీ జరిమానాతోనే.

కేసు పడ్డాక ఇంకో చిక్కు. అడ్వకేటు పేరు ఖాళీగా ఉన్న వకాల్తా (మీ తరఫున వాదించమని అడ్వకేటుకు ఇచ్చే పత్రం) మీద యాప్ కంపెనీవాళ్లు సంతకం పెట్టించుకుంటారు. మీ మీద వేసిన కేసులో వాయిదాకు మీ తరఫున ఎవరూ రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే తీర్పు, అయిపోవచ్చు. సమన్లు అందినవారు దాన్ని రద్దు చేయించుకోవాలంటే డిక్రీ తేదీ నుంచి 30 రోజులే గడువు. కాబట్టి అడ్వకేటు పేరు, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాశాకే సంతకం పెట్టండి, వాయిదా తేదీలు కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో మీరే చూసుకోండి.

యాప్‌లు పూర్తిగా పనికిరానివని కాదు. నోటీసు ముసాయిదాకు, కాగితాలు సర్దుకోవడానికి బాగానే ఉపయోగపడతాయి.

ఖర్చే భయమైతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీని అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా అడ్వకేటును ఇస్తారు. కేసులో ఇరుపక్షాలూ రాజీకి వస్తే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు (తీర్పుకు) కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది.