ఫ్రూటీలో హెచ్‌ఐవీ రక్తం: ఆ మెసేజ్‌లో ఏ మాటా నిలబడదు

"కొన్ని వారాల పాటు ఫ్రూటీ తాగకండి. ఆ కంపెనీలో పనిచేసే ఒకడు హెచ్‌ఐవీ ఉన్న తన రక్తాన్ని అందులో కలిపాడు. నిన్న ఎన్‌డీటీవీలో చూపించారు. మీవాళ్లందరికీ వెంటనే పంపండి." ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఇది. ఇప్పటికీ ఏదో ఒక ఫ్యామిలీ గ్రూపులోకి వస్తూనే ఉంటుంది. చదివినవాళ్లు నిజంగానే భయపడుతున్నారు కాబట్టి ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం.

"నిన్న టీవీలో చూపించారు." నిన్న అంటే ఏ రోజు? తేదీ లేదు, ఊరు లేదు, ఫ్యాక్టరీ ఎక్కడుందో లేదు, బ్యాచ్ నంబర్ లేదు. తేదీ లేదు కాబట్టే ఎప్పుడు చదివినా కొత్త వార్తలా ఉంటుంది.

"పోలీసులే చెప్పారు." ఇది ఇంకో రకం మెసేజ్‌లోది. అందులో మాజా, పెప్సీ, ఫాంటా పేర్లుంటాయి, హెచ్‌ఐవీ బదులు ఎబోలా ఉంటుంది, కింద హైదరాబాద్ పోలీసుల పేరు. తాము అలాంటి హెచ్చరికేదీ ఇవ్వలేదని హైదరాబాద్ పోలీసులే 2019లో చెప్పేశారు.

"రక్తం కలిపాడు." ఫ్యాక్టరీలో పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ మాట ఎవరూ నమ్మరు. మామిడి డ్రింకులకు వాడే గుజ్జు ఎక్కువగా మన చిత్తూరు, తమిళనాడు కృష్ణగిరి ప్రాంతాల తోతాపురి కాయలదే. కాయలు కడిగి, ముక్కలు కోసి, టెంక తీసేదాకా మనుషుల చేతులు పడొచ్చు. ఆ తర్వాత గుజ్జు గొట్టాల్లోకి వెళ్తుంది. బాగా వేడి చేసి, చల్లార్చి, గాలి సోకకుండా పెద్ద సంచుల్లో నింపి, ఇనప డ్రమ్ముల్లో పెట్టి సీల్ చేస్తారు. డ్రింకు తయారయ్యే చోట నీళ్లు, చక్కెర కలిపాక మళ్లీ దాదాపు 90 డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. టెట్రా ప్యాక్ అయితే ముందే శుద్ధి చేసిన అట్టలో, మూసి ఉన్న మెషిన్ లోపలే నింపి అతికించేస్తారు. పార్లే ఆగ్రో 1985లో ఫ్రూటీని తెచ్చింది ఆ ప్యాక్‌లోనే.

"తాగితే ఎయిడ్స్ వస్తుంది." అసలు ప్రమాదకరమైన అబద్ధం ఇది. హెచ్‌ఐవీ శరీరం బయట ఎక్కువసేపు బతకదు, వేడికి అసలే తట్టుకోదు. రక్షణ లేని సెక్స్, ఒకరు వాడిన సూదులు ఇంకొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు గర్భంలోనో కాన్పులోనో పాల ద్వారానో: సోకే దారులు ముఖ్యంగా ఇవే. తిండి విషయానికొస్తే, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్న మనిషి నమిలి పసిబిడ్డకు పెట్టిన ముద్ద వల్ల మాత్రం ఎక్కడో చాలా అరుదుగా సోకింది. సీల్ చేసిన జ్యూస్ తాగి హెచ్‌ఐవీ తెచ్చుకున్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడా లేరు.

"నిజం కాకపోయినా జాగ్రత్త మంచిదేగా, పంపితే పోయేదేముంది?" పోతుంది. కంపెనీకి కాదు, దాని అమ్మకాలు అది చూసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లక్షల మంది హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. రోజూ మందులు వేసుకుంటూ, మన పక్కనే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మందులు సరిగ్గా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవాళ్ల నుంచి సెక్స్ ద్వారా కూడా ఇంకొకరికి సోకదు. అలాంటి మనిషిని పగబట్టి రక్తం కలిపే హంతకుడిగా చూపిస్తోంది ఈ మెసేజ్. ఇది చదివినవాళ్లు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అద్దెకు గది ఇస్తారా? హాస్టల్లో వాళ్ల పిల్లల పక్కన తమ పిల్లల్ని కూర్చోనిస్తారా? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లపై ద్వేషం పెంచే రాతలను 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నేరంగా చూస్తుంది. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

పిల్లలకు ఈ డ్రింకులు తగ్గించాలనుకుంటే సరైన కారణం ప్యాకెట్ మీదే ఉంది: చక్కెర. పండు శాతం ఎంతో కూడా అక్కడే చూడండి. హెచ్‌ఐవీ గురించి టెన్షన్ ఉంటే 1097కి ఫోన్ చేయండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, డబ్బులేమీ పడవు.